చెన్నపట్టణపు నగర సభ

చెన్నపట్టణమున సెంట్రల్ రైలుస్టేషను వెలుపల నిలిచి పడమటి దిక్కునకు చూచిన ప్రయాణికునకు గడియారపు గోపురముతో కూడిన తెల్లని సౌధ మొకటి కనబడును. అది రిప్పన్ భవనము, 1913లో ప్రారంభమైనది. చదువులకై, వ్యాజ్యములకై, అచ్చుపనులకై తరతరములుగా చెన్నపురికి పోయి వచ్చిన తెలుగువారిలో ఆ భవనమును చూడనివారు అరుదు. దానిలో సమావేశమగు నగర సభ చరిత్ర ఎఱిగినవారు మాత్రము అంతకంటెను అరుదు.

భారతదేశమందలి నగరపాలక సంస్థలలో వయస్సున పెద్దది ఈ సభయే. 1688లో అది పుట్టినది. అప్పటికి గోలకొండ మొగలాయీల వశమై ఒక్క సంవత్సరమే గడచినది. నాటినుండి రాజ్యములు మారినవి. సభ పేరు, రూపు, అధికారములు పలుమారులు మారినవి. కాని మూడు శతాబ్దములకు మించిన దాని జీవితమంతయు ఒక్క ప్రశ్న చుట్టును తిరిగినది: నగరవాసి చెల్లించు పన్నును విధించి వ్యయము చేయు అధికారము ఎవరిది?

పన్ను కొరకు పుట్టిన సభ

1639లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు దామర్ల వేంకటాద్రి నాయకునినుండి సముద్రతీరమున కొంత భూమిని పొంది కోట కట్టుకొనిరి. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరనే చెన్నపట్టణమను నామము వచ్చినదని ప్రసిద్ధి. కంపెనీవారికి కావలసినది బట్టల వర్తకము. ఏబది ఏండ్లలో కోట చుట్టును నేతగాండ్రు, అద్దకమువారు, దుబాసీలు, వర్తకులు చేరి పట్టణము పెరిగినది. పెరిగిన పట్టణమునకు కావలి కావలెను, వీథులు కావలెను, మురుగు కాలువలు కావలెను. ఆ ఖర్చు పట్టణవాసులే భరింపవలెనని లండనులోని డైరెక్టర్లు పట్టుపట్టిరి. పట్టణవాసులు ఒప్పుకొనలేదు. ఇండ్లపై పన్ను మాట వచ్చినపుడు ఊరిలో అలజడి చెలరేగెను.

ఈ చిక్కునకు సర్ జోషియా చైల్డ్ ఒక ఉపాయమును కనుగొనెను. కంపెనీలో అతని మాటకు ఎదురులేదు. 1687లో లండనునుండి మదరాసునకు వచ్చిన ఒక లేఖలో అతని ఆలోచన కనబడును. కంపెనీ తన నిరంకుశాధికారముతో ఆరు పెన్నీలు అడిగిన ఇయ్యని ప్రజలు, తమకు తామే విధించుకొన్న పన్ను అయినచో అయిదు షిల్లింగులు సైతము సంతోషముగా ఇత్తురని దాని సారాంశము. నాటి లెక్కలో షిల్లింగునకు పండ్రెండు పెన్నీలు. అయిదు షిల్లింగులనగా అరువది పెన్నీలు. పరులు వేసిన పన్నునకును తాము వేసికొన్న పన్నునకును పదిరెట్ల అంతరము కలదని ఆ వర్తకుని గణితము. ప్రజాస్వామ్యముపై ప్రీతితో వ్రాసిన మాటలు కావవి. రాబడి పెంచుకొనదలచిన వ్యాపారి లెక్క అది. అయినను రాజనీతి గ్రంథములు పుటలకొలది బోధించు సత్యము ఆ లెక్కలో ఇమిడియున్నది.

ఆ సభకు సనదు ఇచ్చునపుడే మరియొక చర్చయు నడచెను. దానిపై రాజముద్ర ఉండవలెనా, కంపెనీ ముద్ర ఉండవలెనా? విషయము రెండవ జేమ్సు రాజు సమక్షమునకు పోయెను. రాజునుండి నేరుగా అధికారము పొందిన సభ రేపు కంపెనీ గవర్నరును లెక్కచేయదని చైల్డు భయము. తుదకు కంపెనీ ముద్రయే నిలిచినది. ఒక చేతితో ఇచ్చిన దానిని రెండవ చేతితో పట్టియుంచు పద్ధతి సభతోపాటే పుట్టినదన్నమాట.

తొలి సభ స్వరూపము

1687 డిసెంబరు 30వ తేదీని వ్రాయబడిన సనదు 1688 సెప్టెంబరు 29న అమలునకు వచ్చెను. అప్పుడు మదరాసు గవర్నరు ఎలిహూ యేల్. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమునకు ఇతని పేరే పెట్టిరి. నతానియేల్ హిగ్గిన్సన్ తొలి మేయరయ్యెను.

సభలో మేయరు ఒకడు, ఆల్డర్మన్లు పన్నిద్దరు, బర్జెస్సులు అరువదిమంది లేక అంతకు మించి. ఆల్డర్మన్ అనగా సభలోని పెద్ద. బర్జెస్సు అనగా పౌరహక్కు కలిగిన సామాన్య సభ్యుడు. ఆల్డర్మన్లలో ఒకనిని ఏటేట మేయరుగా ఎన్నుకొనవలెను. ఆల్డర్మన్లలో కంపెనీ ఉద్యోగులతోపాటు పోర్చుగీసు వర్తకులు, యూదు వర్తకులు, ముగ్గురు హిందువులు ఉండిరి. ఆ ముగ్గురిలో కంపెనీ ప్రధాన వర్తకుడైన చిన వెంకటాద్రి ఒకడు. బర్జెస్సులలో ఊరి కులపెద్దలకు చోటు కల్పింపబడెను. ఆనాటి కంపెనీవారి వ్రాతలలో తెలుగువారిని ‘జెంటూ’లనియు, తెలుగును ‘జెంటూ భాష’ యనియు పిలుచుట వాడుక. పట్టణమున తెలుగువారు ఎంత ప్రముఖులై యుండిరో ఆ వ్రాతలవలన తెలియును.

సభకు హంగునకు లోటు లేదు. ఆల్డర్మన్లకు ఎఱ్ఱని అంగీలు, బర్జెస్సులకు తెల్లని చీనా పట్టు. మేయరు ముందు వెండి దండములు పట్టుకొని నడచువారు. కాని సనదులోని పనుల పట్టిక హంగుకంటె విలువైనది. సభ పన్ను వేసి ఒక సభాభవనము, ఒక చెరసాల, ఒక పాఠశాల కట్టింపవలెను. ఆ పాఠశాలలో దేశీయ బాలురకు ఇంగ్లీషు చదువను వ్రాయను నేర్పి, గణితమును వర్తకపు లెక్కలను బోధింపవలెను. నగరమున విద్య నగర సభ బాధ్యతయను భావము ఆ సనదులోనే ఉన్నదనుట ఉపాధ్యాయులు గమనింపదగినది.

అయితే చైల్డు లెక్క వెంటనే ఫలింపలేదు. సభ్యులను నియమించినది కంపెనీ, వారి పైన కూర్చున్నది గవర్నరు. ఇది తమ సభయను నమ్మకము ప్రజలకు కలుగలేదు. పన్ను వసూలు కష్టమయ్యెను. అంగీలు తొడిగినంతమాత్రమున ఆరు పెన్నీలు అయిదు షిల్లింగులు కాలేదు.

మేయరు మాయమైన కాలము

1726లో ఇంగ్లండు రాజు మదరాసు, బొంబాయి, కలకత్తా నగరములకు క్రొత్త సనదు నిచ్చెను. దాని ప్రకారము మదరాసు సభ మేయరును తొమ్మండుగురు ఆల్డర్మన్లును గల చిన్న మండలిగా కుదించుకొనిపోయెను. మేయరుతో కూడ ఏడుగురు జన్మతః బ్రిటిషు ప్రజలై యుండవలెనని నిబంధన. చిన వెంకటాద్రి వంటివారు కూర్చున్న ఆసనములు ఈ విధముగా దేశీయులకు దక్కకుండ పోయినవి. వీథులు, కాలువల సంగతి వెనుకబడి, సభ ముఖ్యముగా వ్యాజ్యములు తీర్చు ‘మేయరు కోర్టు’గా మారినది. 1746లో ఫ్రెంచివారు మదరాసును పట్టుకొనగా ఆ కోర్టును నిలిచిపోయెను. నగరము తిరిగి ఇంగ్లీషువారికి దక్కిన పిమ్మట 1753లో మరియొక సనదు వచ్చెను. 1798లో రికార్డరు కోర్టు ఏర్పడి మేయరు కోర్టు ముగిసినది. దానితో మేయరు పదవియు అంతరించినది. ఆ పేరు మరల వినబడుటకు 135 ఏండ్లు పట్టినది.

ఈలోపల నగరపు చెత్త, కావలి, బాటల మరమ్మతు ఎవరు చూడవలెను? 1793 నాటి పార్లమెంటు చట్టము ఆ పనిని ప్రభుత్వము నియమించు ‘జస్టిస్ ఆఫ్ ది పీస్’ అను అధికారులకు అప్పగించి, అందుకై ఇండ్లపై పన్ను వేయు హక్కును వారికి ఇచ్చెను. 1856లో ముగ్గురు జీతపు కమీషనర్లు వచ్చిరి. పన్ను ప్రజలది, నిర్ణయము సర్కారుది. కథ మరల ఆరు పెన్నీల వద్దకు చేరినది.

ఓటు మెట్టు మెట్టుగా వచ్చుట

1867 చట్టము నగరమును ఎనిమిది విభాగములు చేసి, విభాగమునకు నలుగురు చొప్పున 32 మంది సభ్యులను ఏర్పరచెను. వారందఱును పన్ను చెల్లించువారే. కాని వారిని ఏరినది ప్రభుత్వము. 1878లో మొదటిసారిగా వారిలో సగముమందిని ఎన్నుకొను హక్కు పన్ను చెల్లించువారికి లభించెను. 1882లో వైస్రాయి రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనపై ప్రసిద్ధమైన తీర్మానమును వెలువరించెను. రెండేండ్లకు, 1884లో, ఎన్నికైన సభ్యుల సంఖ్య 24కు పెరిగెను. నగర సభాభవనమునకు ఆ ప్రభువు పేరు పెట్టుటలోని ఔచిత్యము ఇదియే.

అయినను అధ్యక్షుడు సర్కారు నియమించిన ఉద్యోగియే. సభలో అధ్యక్షత వహించువాడును అతడే, సభ నిర్ణయములను నడపువాడును అతడే. 1904 చట్టము వర్తక సంఘములకు ప్రత్యేక స్థానములు కల్పించుటతో సామాన్య నియోజకుని బలము కొంత తగ్గినది. ఓటు దారి ఎప్పుడును ముందునకే సాగదు. ఒక అడుగు వేయును, అర అడుగు తగ్గును.

నిజమైన మలుపు 1919 మదరాసు నగర పురపాలక చట్టము. దానివలన రెండు మార్పులు వచ్చినవి. ఒకటి, అధ్యక్షుని సభ్యులే ఎన్నుకొందురు. రెండు, సభాధ్యక్షత వేరు, కార్యనిర్వహణము వేరు. నిర్వహణము కమీషనరను ఉద్యోగిది. పన్ను, బడ్జెటు, విధానము సభవి. నడుమ స్థాయీ సంఘములు కలవు. సభ, స్థాయీ సంఘములు, కమీషనరు అను మూడు అంగముల ఈ నిర్మాణము చిన్న మార్పులతో వంద ఏండ్లకు మించి నిలిచినది. ఆ చట్టము స్థానమున క్రొత్త చట్టము అమలునకు వచ్చినది 2023లో.

ఒక అణా ఉపాహారము

ఆ చట్టము క్రింద ఎన్నికైన తొలి అధ్యక్షుడు సర్ పిట్టి త్యాగరాయ చెట్టి. తెలుగు మాటలాడు దేవాంగ కుటుంబమున పుట్టి, దాదాపు నలుబది ఏండ్లు నగర సభలో పనిచేసిన వృద్ధుడు. జస్టిస్ పార్టీ స్థాపకులలో ఒకడు. చెన్నపట్టణములోని త్యాగరాయనగరము ఆయన పేరు మీదనే వెలసినది.

1920 సెప్టెంబరు 16న ఆయన అధ్యక్షత క్రింద సభకు ఒక చిన్న విషయము వచ్చెను. థౌజండ్ లైట్స్ పేటలోని కార్పొరేషన్ పాఠశాలకు వచ్చు పిల్లలు కడు పేదలు. ఆకలివలన బడికి రాక హాజరు పడిపోవుచున్నది. వారికి ఉపాహారము పెట్టుటకు, పిల్లవానికి దినమునకు ఒక అణాకు మించకుండ ఖర్చు చేయవచ్చునని సభ అంగీకరించెను. తరువాత మరి నాలుగు పాఠశాలలకు ఆ ఏర్పాటు విస్తరించెను. బడికి వచ్చు పిల్లల సంఖ్య పెరిగెను.

1925లో ప్రాథమిక విద్యానిధినుండి ఈ ఖర్చు చేయరాదని ప్రభుత్వము అడ్డుపెట్టగా ఆ ఉపాహారము నిలిచిపోయినది. కొంతకాలమునకు తిరిగి మొదలైనది. కాని బీజము చావలేదు. 1956లో కామరాజ్ ప్రభుత్వము మధ్యాహ్న భోజనమును మదరాసు రాష్ట్రమునందలి పాఠశాలలకు వ్యాపింపజేసెను. 2001లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆజ్ఞ పిమ్మట అది దేశమంతటి బడులకు చేరవలసిన హక్కుగా మారినది. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని ప్రభుత్వ పాఠశాలలలో మధ్యాహ్నపు గంట మ్రోగగానే కంచములతో బారులు తీరు పిల్లల వెనుక, ఒక నగర సభలో జరిగిన ఒక అణా చర్చ ఉన్నది.

ఆ చర్చ గవర్నరు మండలిలో పుట్టలేదు. లండను పార్లమెంటులో పుట్టలేదు. ఏ పేటలో ఏ బడి వెలవెలబోవుచున్నదో ఎఱిగినవారు కూర్చున్న సభలో పుట్టినది. 1687 సనదులో వ్రాసిన పాఠశాల మాట 233 ఏండ్లకు అన్నముతో సహా నెరవేరినది. నడుమ వచ్చిన మార్పు ఒక్కటే: ఆసనములలో కూర్చున్నవారిని నగరము తానే పంపుట.

నగరము గొంతు

1933లో అధ్యక్ష పదవికి మేయరను పాత పేరు తిరిగి వచ్చినది. కుమారరాజా ముత్తయ్య చెట్టియారు ఆ విధముగా తొలి మేయరయ్యెను. 1937లో శివషణ్ముగం పిళ్ళ షెడ్యూల్డు కులములనుండి మేయరైన మొదటి వ్యక్తి. 1956లో తారా చెరియన్ ఆ పదవిని అధిష్ఠించిన తొలి మహిళ. వెనుకటి కాలమున పన్ను చెల్లించు కొలదిమందికే పరిమితమైన సభ మెల్లమెల్లగా అందరిది కాజొచ్చెను.

అందరి సభ పలికిన మాట అందరికిని ప్రియము కానవసరము లేదు. ఆంధ్రరాష్ట్ర నిర్మాణకాలమున, చెన్నపట్టణము ఎవరిదను వివాదము తీవ్రముగా ఉన్నపుడు, మేయరు చెంగల్వరాయన్ కాలమున నగర సభ మదరాసు తమిళులకే చెందవలెనని తీర్మానించెను. పొట్టి శ్రీరాములు ఆత్మార్పణము చేసినది ఆ నగరముననే. తెలుగువారికి అది మఱవరాని బాధ. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము అవతరించినది. న్యాయాన్యాయముల మాట ఎట్లున్నను, నగర సభ తీర్మానము లెక్కలోనికి వచ్చు మాట యయ్యెనని ఆ ఘట్టము తెలుపును. 1688 నాటి సభకు ఆ గొంతు లేదు.

1959 ఎన్నికలలో నూరు స్థానములలో 45 గెలిచిన ద్రవిడ మున్నేట్ర కళగము మేయరు పదవిని చేపట్టినది. ఎనిమిదేండ్లకు, 1967లో, ఆ పక్షమే రాష్ట్రాధికారమునకు వచ్చినది. నగర సభ రాష్ట్ర రాజకీయమునకు శిక్షణశాల యని పౌరశాస్త్ర గ్రంథములు చెప్పు మాటకు ఇది నిదర్శనము.

ఇరువది మూడేండ్ల మౌనము

1973లో కూలీల హాజరు పట్టికలలో లేని మనుష్యుల పేర్లు వ్రాసి వేతనములు కాజేసిన వ్యవహారము బయటపడినది. ప్రజల పన్ను దోపిడియైన మాట నిజము. ప్రభుత్వము ఆ డిసెంబరులో సభనే రద్దు చేసి, ప్రత్యేకాధికారిని నియమించెను. అక్రమము చేసినవారిని శిక్షించుట వేరు. సభ తలుపులు మూయుట వేరు. తలుపులు మూసినది తాత్కాలికముగానే యని అందఱును తలంచియుందురు. అవి తిరిగి తెఱచుకొన్నది 1996లో.

ఇరువది మూడేండ్లు! రద్దైన నాడు పుట్టిన బిడ్డ చదువు ముగించి ఉద్యోగము వెదకికొను కాలము. ఆ కాలమంతయు నగరవాసులు పన్ను చెల్లించుచునే యుండిరి. తమ వీథి దీపము వెలుగకున్న అడుగుటకు వారికి ఎన్నికైన సభ్యుడు లేడు. 1978లో నీటి సరఫరా, మురుగునీటి బాధ్యత ఒక ప్రత్యేక మండలి చేతికి పోయినది. అంతటి మార్పుపై నగరము తరఫున చర్చింపవలసిన సభ అప్పుడు లేదు. ఉద్యోగులు అసమర్థులు కారు. పెక్కు పనులు చక్కగానే జరిగియుండవచ్చును. కాని ఉద్యోగి తన పై అధికారికి జవాబుదారి. సభ్యుడు తన వార్డునకు జవాబుదారి. ఈ రెండును ఒకటి కావు.

ఈ అనుభవము చెన్నపట్టణమునకే పరిమితము కాదు. అందువలననే 1992లో పార్లమెంటు ఆమోదించి 1993లో అమలైన డెబ్బది నాలుగవ రాజ్యాంగ సవరణ, పురపాలక సభ కాలపరిమితి అయిదేండ్లనియు, మధ్యలో రద్దైనచో ఆరు మాసములలోపల ఎన్నికలు జరుపవలెననియు శాసించినది. మహిళలకు మూడవ వంతు స్థానములు, షెడ్యూల్డు కులములకు, తెగలకు జనాభాను అనుసరించి స్థానములు కల్పించినది. 1996లో చెన్నపట్టణపు మేయరు ఎన్నిక నేరుగా ప్రజల ఓటుతో జరుగగా ఎం. కె. స్టాలిన్ గెలిచెను.

అయినను చట్టము తనంత తాను నడువదు. 2016లో సభ కాలము ముగిసినపిమ్మట తిరిగి ఎన్నికలు జరిగినది 2022 ఫిబ్రవరిలో. రాజ్యాంగము ఉండగనే, అయిదేండ్లకు మించి ఆ ఆసనములు మరల ఖాళీగా ఉన్నవి.

నేటి నిర్మాణము

2011లో చెన్నపట్టణ నగరపాలన పరిధి 174 చదరపు కిలోమీటర్లనుండి 426కు పెరిగినది. నగరము 200 వార్డులు, 15 మండలములుగా విభజింపబడినది. వార్డునకు ఒక సభ్యుని ప్రజలు నేరుగా ఎన్నుకొందురు. 2022లో మేయరును సభ్యులే తమలోనుండి ఎన్నుకొనిరి. తమిళనాడు చట్టము ప్రకారము స్థానములలో సగము మహిళలవి. ఆ ఏడు మేయరైన ఆర్. ప్రియ ఆ పదవికి వచ్చిన తొలి దళిత మహిళ.

సభ బడ్జెటును ఆమోదించును. పన్నుల స్థాయిని తేల్చును. ప్రశ్నలద్వారా అధికారులను నిలదీయును. విద్య, ఆరోగ్యము, పనులు, లెక్కలు, పన్నులు, పట్టణ ప్రణాళిక మొదలగు విషయములకు స్థాయీ సంఘములు కలవు. నిర్వహణము ప్రభుత్వము నియమించు కమీషనరుది. అనగా చైల్డు నాడు కట్టిన ముడి పూర్తిగా విడిపోలేదు. సభను ఎన్నుకొనువారు నగరవాసులు. సభ నిర్ణయములను నడపు అధికారిని పంపునది రాష్ట్ర ప్రభుత్వము.

ఏ నగరమునందైనను, ఏ పట్టణమునందైనను పౌరశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడు తరగతిలో అడుగదగిన చిన్న ప్రశ్నలు కొన్ని కలవు. మీ ఇల్లు ఏ వార్డులో ఉన్నది? ఆ వార్డు సభ్యుడు ఎవరు? సభ చివరిసారి ఎన్నడు సమావేశమైనది? జవాబులు తెలిసిన ఊరిలో పన్ను అయిదు షిల్లింగులైనను బరువు కాదు. జవాబులు తెలియని ఊరిలో ఆరు పెన్నీలును బరువే. మూడువందల ఏండ్లకు పూర్వము ఒక వర్తకుడు స్వలాభము కొరకు వేసిన ఈ లెక్కను చెన్నపట్టణము తన అనుభవముతో సరిచూచినది. లెక్క తప్పలేదు.